సైట్ మీద దుమ్ము, పొగ: ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎలా తగ్గించుకోవాలి

ఒక మేస్త్రీకి ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిందని తెలియగానే చుట్టూ ఉన్నవాళ్లు మొదట అడిగేది ఒకటే, "సిగరెట్ తాగేవాడా?" అని. తాగేవాడని చెబితే ఇక అంతే, వేరే ప్రశ్న ఉండదు. తాగనివాడైతే "పాపం, ఖర్మ" అని ఊరుకుంటారు. ముప్పై ఏళ్లు అతను ఏ రాయి కోశాడు, ఏ పాత రేకులు విప్పాడు, గాలి ఆడని సెల్లార్‌లో జనరేటర్ పక్కన ఎన్ని రోజులు పనిచేశాడు అన్నది ఎవరికీ గుర్తు రాదు, చాలాసార్లు డాక్టరుకు కూడా. కానీ ఇది ఖర్మ కాదు. నిర్మాణ పనిలో ఈ క్యాన్సర్ తెచ్చేవి ఏవో దశాబ్దాల నుంచి తెలుసు, వాటిని ఎలా అడ్డుకోవాలో కూడా తెలుసు. బ్రిటన్ లెక్కలు చూస్తే పని వల్ల వచ్చే క్యాన్సర్ మరణాల్లో 40 శాతానికి పైగా నిర్మాణ రంగంలోనివే.

పని మానేయమని చెప్పడానికి ఇది రాయడం లేదు. మానేస్తే ఇల్లు గడవదని తెలుసు. రోజూ గ్రైండరో బ్రేకరో పట్టుకునేవాళ్లు, వాళ్లతో పని చేయించే చిన్న కాంట్రాక్టర్లు, వాళ్ల బట్టలు ఉతికే ఇంట్లోవాళ్లు, రేపటి నుంచే మార్చుకోగలిగిన వాటి గురించి రాస్తున్నాను. ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. జాగ్రత్త అనగానే అందరి నోటా మాస్క్ మాటే వస్తుంది, కానీ మాస్క్ అన్నిటికంటే చివర్లో ఉండే అడ్డు. బ్లేడు రాయిని తాకే చోటే దుమ్మును పట్టుకోవాలి. ఒకసారి గాల్లోకి లేచాక అది మీ ముక్కులోకే కాదు, పక్క గదిలో వైరింగ్ చేస్తున్నవాడి ముక్కులోకీ పోతుంది, అతనికి మాస్కే ఉండదు.

మీ పనిలో ఏముందో ముందు తెలుసుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా ఐఏఆర్‌సీ అనే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఉంది. మనుషులకు క్యాన్సర్ తెస్తాయని గట్టిగా రుజువైనవాటిని అది ఒకటో గ్రూపులో పెడుతుంది. ఆ గ్రూపులో సైట్ మీద రోజూ ఎదురయ్యేవి ఎన్ని ఉన్నాయో చూడండి: అన్ని రకాల ఆస్బెస్టాస్ (సిమెంట్ రేకుల్లో, పాత పైపుల్లో కలిపే పోగుల ఖనిజం), 1997లో చేర్చిన సిలికా దుమ్ము, 2012లో చేర్చిన డీజిల్ ఇంజన్ పొగ, 2017లో చేర్చిన వెల్డింగ్ పొగ, స్టెయిన్‌లెస్ స్టీల్ వెల్డింగ్‌లో పుట్టే ఒక రకం క్రోమియం, రూఫింగ్‌లో వాడే బొగ్గు తారు. పెయింటర్ పనిని అయితే ఏ ఒక్క రసాయనమనీ విడదీయకుండా వృత్తి మొత్తంగానే ఆ గ్రూపులో పెట్టారు.

వీటిలో ఎక్కువ మందికి తగిలేది సిలికా. అదేదో ఫ్యాక్టరీ రసాయనం అనుకోవద్దు, ఇసుకలో, రాతిలో ఉండే క్వార్ట్జే అది. ఇసుకరాయిలో 70 నుంచి 90 శాతం ఉంటుంది, కాంక్రీటు, మోర్టార్‌లలో 25 నుంచి 70 శాతం, టైల్స్‌లో 30 నుంచి 45, గ్రానైట్‌లో 30కి అటూ ఇటూ, ఇటుకలో 30 దాకా. పాలరాయి, సున్నపురాయిల్లో మాత్రం 2 శాతం దగ్గరే. వంటగది గట్టులకు వేసే కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో 90 శాతం దాటొచ్చు. వాటిని కోసే కుర్రాళ్లకు చిన్న వయసులోనే ఊపిరితిత్తులు గట్టిపడిపోతుంటే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ పలకల వాడకాన్నే నిషేధించింది. ఒకే మేస్త్రీ ఒకే గ్రైండర్‌తో పొద్దున పాలరాయి, మధ్యాహ్నం గ్రానైట్ కోసినా రెండు పూటల ముప్పు ఒకటి కాదని ఈ అంకెలు చెబుతున్నాయి. దుమ్ము రంగు చూసి మాత్రం ఇది తెలుసుకోలేరు.

ఇటుక పేర్చినా, రాయి మోసినా సిలికా వల్ల భయం లేదు. కోసినప్పుడు, రుద్దినప్పుడు, పగలగొట్టినప్పుడు, డ్రిల్ వేసినప్పుడు, చివరికి ఊడ్చినప్పుడు అది సన్నటి పొడిగా మారుతుంది, అసలు సమస్య అక్కడే. పెద్ద రేణువులు ముక్కులో, గొంతులో ఆగిపోయి తుమ్ముతోనో కఫంతోనో బయటికి వచ్చేస్తాయి. 10 మైక్రాన్ల కంటే చిన్నవి, అంటే తల వెంట్రుక మందంలో చిన్న భాగం మాత్రమే ఉండేవి, ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి అక్కడే ఉండిపోతాయి. శరీరం వాటిని కరిగించలేదు. వాటిని మింగిన రక్షణ కణాలు చచ్చిపోతాయి, ఆ చోట వాపు, మచ్చ, మళ్లీ వాపు, ఇలా ఏళ్ల తరబడి లోపల సాగుతూనే ఉంటుంది.

ఎంత పీలిస్తే ఎక్కువ అని అడిగితే, అమెరికాలో నిర్మాణ పనికి పెట్టిన పరిమితి 8 గంటల సగటున ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాముల సిలికా. ఒక షిఫ్టులో మనిషి పీల్చే గాలి దాదాపు 10 ఘనపు మీటర్లు ఉంటుంది కాబట్టి రోజంతటికీ లోపలికి పోవచ్చని ఒప్పుకున్నది అర మిల్లీగ్రాము. అరచేతిలో కొన్ని ఉప్పు రేణువులు పెట్టుకుంటే ఉండేంత బరువు, అంతే. మూసి ఉన్న గదిలో కాంక్రీటు గోడను నీళ్లు లేకుండా కోస్తే ఈ పరిమితిని దాటడానికి పూట కూడా అక్కర్లేదు.

డీజిల్ పొగ, తారు, వెల్డింగ్, పెయింట్ల దగ్గర జాగ్రత్తలు వేరు, వాటికి కింద వస్తాను.

కనిపించని దుమ్మును కళ్లతో చూసే పద్ధతి

"మా సైట్‌లో పెద్దగా దుమ్ము లేదు" అనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. పని జరుగుతున్న గదిలో లైట్లు తగ్గించి, గట్టి కాంతి ఇచ్చే టార్చ్ ఒకటి తీసుకుని గ్రైండర్‌కు పక్కగా పెట్టి వెలిగించండి. మీరు దానికి ఎదురుగా, కాస్త ఓరగా, టార్చ్ మీ కళ్లలో పడకుండా నిలబడి ఆ వెలుగు గీతను చూడండి. మామూలు వెలుతురులో శుభ్రంగా కనిపించిన గాలిలో పొగ మబ్బులా దుమ్ము సుడులు తిరుగుతూ కనిపిస్తుంది. గ్రైండర్ ఆపేశాక కూడా టార్చ్ తీయకండి, అలాగే చూడండి. గరుకు పొడి నేల మీద పడిపోతుంది, సన్నటిది మాత్రం చాలాసేపు అక్కడే తేలుతూ ఉంటుంది. మిషన్ ఆగింది కదా అని మాస్క్ తీసి నీళ్లు తాగేది సరిగ్గా ఆ సమయంలోనే. టార్చ్ పెట్టి చూస్తే మేస్త్రీకీ, సూపర్‌వైజర్‌కీ, కాంట్రాక్టర్‌కీ ఒకేసారి అర్థమవుతుంది, వాదన అక్కర్లేదు.

దుమ్ము పుట్టే చోటే ఆపడం

మొదటి ప్రశ్న: అసలు కోయాలా? ప్లాన్ వేసేటప్పుడే పైపులకు, వైర్లకు దారులు వదిలేస్తే గోడ కట్టాక గాడులు కొట్టే పనే ఉండదు. టైల్స్ సైజు చూసుకుని గది లెక్క వేస్తే కోతలు బాగా తగ్గుతాయి. తిన్నగా కోయాల్సిన టైల్స్‌కు చేత్తో గీటు పెట్టి విరిచే కట్టర్ ఉంటుంది, దానికి కరెంటూ అక్కర్లేదు, దుమ్మూ లేవదు. గుండ్రటి కోతలకు, మూలలకు మాత్రమే గ్రైండర్ వాడండి.

కోయక తప్పదంటే నీళ్లు. బ్లేడు మీదికి నీళ్లు వదిలే ఏర్పాటు ఉన్న మిషన్ మేలు. కాంక్రీటు కోసే పెద్ద కట్‌ఆఫ్ మిషన్లకు నిమిషానికి కనీసం అర లీటరు నీళ్లు ఆగకుండా పడాలన్నది బ్రిటన్‌లో పాటించే కొలత. అంతకంటే తగ్గితే రాయి తడిగానే కనిపిస్తుంది, సన్నటి దుమ్ము మాత్రం లేస్తూనే ఉంటుంది. కోత మొదలుపెట్టకముందే నీళ్లు వదలాలి, సగం కోశాక కాదు. మిషన్ పక్కన హెల్పర్‌ను నిలబెట్టి సీసాతో పోయించడం చాలాచోట్ల చూస్తుంటాం. పొడిగా కోయడం కంటే అది నయమే, కానీ ధార ఒకలా పడదు, పైగా ఆ హెల్పర్ ముఖం దుమ్ముకు మేస్త్రీ కంటే దగ్గరగా ఉంటుంది. దానికంటే కాళ్లతో తొక్కే స్ప్రే పంపో, ఎత్తులో పెట్టిన డబ్బా నుంచి సన్నటి పైపో పెట్టుకోండి. కరెంట్ మిషన్‌కు నీళ్లు వాడేటప్పుడు తడి పనికి పనికొచ్చే మిషనేనా అని చూసుకోండి, లైనులో ఎర్త్ లీకేజ్ ట్రిప్పర్ లేకుండా అస్సలు మొదలుపెట్టొద్దు, క్యాన్సర్ తప్పించుకోబోయి షాక్ కొట్టించుకుంటే ఏం లాభం.

కోశాక మిగిలే బురదను పట్టించుకోకుండా వదిలేస్తే మర్నాటికి ఎండిపోయి, మనుషులు తొక్కిన కొద్దీ మళ్లీ పొడై లేస్తుంది. తడిగా ఉన్నప్పుడే పారతో ఎత్తి సంచిలో వేసేయండి.

నీళ్లు కుదరని చోట, ఉదాహరణకు రంగు వేసిన గోడకు గాడి కొట్టేటప్పుడు, పుట్టీ రుద్దేటప్పుడు, మిషన్‌కు తొడుగు బిగించి దుమ్ము పీల్చే వాక్యూమ్‌కు కలపాలి. ఇక్కడ ఇంట్లో వాడే వాక్యూమ్ పనికిరాదు. అది పెద్ద చెత్తను పట్టుకుని, ప్రమాదకరమైన సన్నటి పొడిని వెనక నుంచి గదిలోకే ఊదేస్తుంది. సన్నటి పొడిని కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్నది, లేదా ఎం క్లాస్, హెచ్ క్లాస్ అని రాసి ఉన్నది తీసుకోండి. తొడుగు గోడకు ఆనుకుని ఉండాలి, ఒక పక్క లేస్తే ఆ సందులోంచే దుమ్మంతా బయటికి కొడుతుంది. పీల్చే శక్తి తగ్గినట్టు అనిపిస్తే ఫిల్టర్ నిండిందన్నమాట. దాన్ని గోడకేసి కొట్టి దులపొద్దు, మిషన్‌లోనే దులుపుకునే ఏర్పాటు ఉంటే అది వాడండి, లేకపోతే మార్చేయండి. పుట్టీ రుద్దడానికి పొడవాటి కర్రకు వాక్యూమ్ పైపు బిగించిన శాండర్లు వస్తాయి. వాటితో ముఖం గోడకు దూరంగా ఉంటుంది, పైకప్పు రుద్దేటప్పుడు పొడి కళ్లలో, ముక్కులో నేరుగా రాలదు. అది కూడా లేకపోతే తడి స్పాంజితో సాఫు చేసే పద్ధతి ఉంది, నెమ్మదిగా సాగుతుంది కానీ దుమ్ము దాదాపు ఉండదు.

ఇక ఊడ్చడం. సాయంత్రం సైట్ శుభ్రం చేసే ఆడవాళ్లకు రోజు మొత్తంలో పుట్టిన దుమ్మంతా ఒక్క గంటలో తగులుతుంది, వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. పొడి చీపురు మానేయండి. నేల మీద నీళ్లు చల్లి ఊడ్చాలి, లేదా వాక్యూమ్ పెట్టాలి. కంప్రెసర్ గాలితో నేలనూ బట్టలనూ ఊదుకోవడం అన్నిటికంటే చెడ్డ అలవాటు, దాన్ని సైట్‌లో పూర్తిగా ఆపేయాలి.

ఇంకో చిన్న మార్పు, దీనికి పైసా ఖర్చు లేదు. కోత పనిని ఒక మూలకు, వీలైతే ఆరుబయట గాలి వాటానికి పెట్టండి, కోసేవాడు గాలి వచ్చే వైపు నిలబడాలి, మిగతా పనివాళ్లు ఆ దారిన రాకుండా చూడాలి. గాలిని మాత్రమే నమ్ముకోవద్దు, అది నిమిషానికోసారి దిక్కు మార్చుకుంటుంది, నీళ్లకు తోడుగా పనికొస్తుంది.

పాత కట్టడం అంటే ఆస్బెస్టాస్ ఉందనే అనుకోండి

పాత ఇల్లు, పాత గోడౌన్, పాత ఫ్యాక్టరీ పడగొడుతున్నారా? పరీక్ష చేసి లేదని తేల్చేవరకు ఆస్బెస్టాస్ ఉందనుకునే పని మొదలుపెట్టండి. సిమెంట్ రేకులు, పాత నీటి పైపులు, పైపుల చుట్టూ కట్టిన వేడి ఆపే పొర, బాయిలర్ గాస్కెట్లు, కొన్ని పాత ఫ్లోర్ టైల్స్, వాటి కింద జిగురు, స్టీలు దూలాలకు మంటల నుంచి రక్షణగా కొట్టిన స్ప్రే పూత, వీటన్నిటిలో ఉండొచ్చు. కంటితో చూసి ఉందో లేదో చెప్పడం ఎవరివల్లా కాదు, ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే. ఎన్నో దేశాలు దీన్ని ఎప్పుడో నిషేధించినా, అమెరికా ఇంకా వాడుకలో ఉన్న తెల్ల ఆస్బెస్టాస్ మీద నిషేధం తెచ్చింది 2024లోనే, కొన్ని దేశాల్లో ఇప్పటికీ అమ్ముతున్నారు. కొత్త రేకులని ధైర్యంగా ఉండొద్దు.

పగలని, కదలని రేకు దానంతట అది చంపదు. దాన్ని కోస్తే, డ్రిల్ వేస్తే, సుత్తితో పగలగొడితే, పైనుంచి కిందికి విసిరేస్తే కంటికి ఆనని పోగులు గాల్లోకి లేస్తాయి. రేకు విప్పాల్సి వస్తే ముందు సబ్బు కలిపిన నీళ్లతో రెండు వైపులా బాగా తడపండి, బోల్టును చేతి పనిముట్టుతో విప్పండి, గ్రైండర్ దగ్గరికి తీసుకురావద్దు. రేకు మొత్తంగా, విరగకుండా దింపి మందపాటి ప్లాస్టిక్‌లో రెండు పొరలు చుట్టి, పేరు రాసి, అలాంటి వ్యర్థాలు తీసుకునే చోటికే పంపాలి. పైకప్పు మీద నేరుగా అడుగు వేయొద్దు, పాతబడ్డ రేకు కాలి కింద విరిగిపోతుంది, కిందపడి చనిపోయినవాళ్లు ఎంతోమంది. ఇక పైపుల చుట్టూ పొడి పొడిగా రాలే పొర, దూలాల మీద స్ప్రే పూత కనిపిస్తే మీరు చేయి పెట్టొద్దు, పని ఆపేయండి. అది శిక్షణ ఉన్నవాళ్లు, గది చుట్టూ ప్లాస్టిక్ కట్టి, గాలిని ఫిల్టర్ చేసే మిషన్లు పెట్టి చేయాల్సిన పని. "ఒక్క గంట పని, ఏం కాదు" అని మేనేజర్ అన్నా వద్దనండి.

ఆస్బెస్టాస్ పోగు పీల్చిన 15 ఏళ్లకో 40 ఏళ్లకో జబ్బు బయటపడుతుంది. అందుకే దీన్ని ఎవరూ పట్టించుకోరు, తప్పు చేయించినవాడు ఆ రోజుకు ఎక్కడ ఉంటాడో కూడా తెలియదు.

డీజిల్, వెల్డింగ్, పెయింట్, తారు

డీజిల్: సెల్లార్‌లో, సొరంగంలో, నాలుగు గోడల మధ్య డీజిల్ ఇంజన్ నడపకుండా చూసుకోవడమే సగం పని. జనరేటర్‌ను బయట పెట్టి కేబుల్ లాగండి, లోపల పనికి కరెంటుతో నడిచేవి అడగండి. లోడ్ కోసం ఎదురుచూసే టిప్పర్ ఇంజన్ ఆపేయాలని డ్రైవర్లకు చెప్పండి, సైలెన్సర్ గొట్టం మనుషులు కూర్చునే వైపు ఉండకూడదు. నల్లటి పొగ వస్తుంటే సర్వీసింగ్ చేయించాలి.

వెల్డింగ్: వంగి పనిచేసేటప్పుడు తల సరిగ్గా పొగ పైకి లేచే దారిలోకి వస్తుంది. జాబ్‌నో, మీరు నిలబడే తీరునో తిప్పుకుని పొగ ముఖానికి తగలకుండా పక్కకు పోయేలా చూసుకోండి. ఫ్యాన్ పొగను మీ నుంచి దూరంగా కొట్టాలి, ఇంకొకరి మీదికి కాదు. ట్యాంకు లోపల, గదిలో అయితే ఆర్క్ దగ్గరే పొగ లాగేసే పైపు కావాలి, దానికి తోడు హెల్మెట్ కింద పట్టే మాస్క్. పెయింట్, గాల్వనైజింగ్ పూతను వెల్డ్ చేసే ముందే గీకేయండి, స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే జాగ్రత్త రెట్టింపు చేయండి. కళ్లకు అద్దం పెట్టుకుని ఊపిరితిత్తులను వదిలేసే వెల్డర్లే ఎక్కువ.

పెయింట్: స్ప్రే కంటే రోలర్, సాల్వెంట్ రంగుల కంటే నీళ్లలో కలిసే రంగులు మేలు. పాత రంగు గీకేటప్పుడు తడిపి గీకండి. తారు: దాన్ని అవసరానికి మించి కాచొద్దు, వేడి పెరిగిన కొద్దీ పొగ పెరుగుతుంది, డబ్బా మూత మూసి ఉంచండి, గాలి వాటం చూసి నిలబడండి.

మాస్క్ సంగతి

ఇవన్నీ చేశాక మిగిలే దుమ్ముకు మాస్క్. ముఖానికి కట్టుకునే రుమాలు, తుండుగుడ్డ, ఆస్పత్రుల్లో వాడే నీలం మాస్క్, ఇవి సిలికాను ఆపవు, ధైర్యాన్ని మాత్రం ఇస్తాయి, అదే ప్రమాదం. ఎన్95 లేదా ఎఫ్ఎఫ్‌పీ2 అని రాసి ఉన్న మాస్క్ సరిగ్గా పడితే పీల్చే దుమ్మును పదో వంతుకు తగ్గిస్తుందని లెక్క. ఎఫ్ఎఫ్‌పీ3 ఇరవయ్యో వంతుకు. కాంక్రీటు కోసేవాళ్లు ఎఫ్ఎఫ్‌పీ3 గానీ, పీ100 ఫిల్టర్లు పెట్టే రబ్బరు మాస్క్ గానీ అడగండి. రబ్బరుది ఒకసారి కొంటే ఫిల్టర్లు మార్చుకుంటూ చాలాకాలం వాడొచ్చు.

"సరిగ్గా పడితే" అన్నాను, అందులోనే ఉంది అంతా. పై పట్టీ నడినెత్తికి, కింది పట్టీ చెవుల కింద మెడకు రావాలి. రెండు పట్టీలూ మెడ మీదే వేసుకుంటే, లేదా ఒకటి తెంపేసుకుంటే మాస్క్ లేనట్టే. ముక్కు మీది లోహపు పట్టీని రెండు చేతుల వేళ్లతో ముక్కు ఆకారానికి వంచాలి, ఒక చేత్తో నొక్కితే మధ్యలో మడత పడి సందు మిగులుతుంది. తర్వాత రెండు అరచేతులతో మాస్క్‌ను కప్పి గట్టిగా ఊదండి. కళ్ల దగ్గరో చెంపల దగ్గరో గాలి తగిలితే మళ్లీ సర్దుకోండి. గడ్డం ఉంటే, ఒకట్రెండు రోజుల గడ్డమైనా సరే, అంచు చర్మానికి అతుక్కోదు. గడ్డం తీయలేనివాళ్లకు ఫ్యాన్‌తో గాలి అందించే వదులు హుడ్ రకం ఉంటుంది, ఖర్చు ఎక్కువే, కానీ కాంట్రాక్టర్ ఇవ్వాల్సినదే.

ఊపిరి తీయడం కష్టమైతే ఫిల్టర్ నిండిపోయింది, మార్చాలి. వాడి పారేసే మాస్క్‌ను జేబులో కుక్కి మర్నాడు మళ్లీ పెట్టుకోవడం మానండి, అప్పటికి లోపలి వైపు కూడా దుమ్మే ఉంటుంది. దుమ్ము మాస్క్ పెయింట్ ఆవిర్లను ఆపదు, దానికి కార్బన్ కాట్రిడ్జ్ కావాలి. జనరేటర్ వదిలే కార్బన్ మోనాక్సైడ్‌ను ఈ ఫిల్టర్లలో ఏదీ ఆపదు.

ఇంటికి తీసుకెళ్లొద్దు

ఆస్బెస్టాస్ పనివాళ్ల బట్టలు ఉతికిన భార్యలకు, వాళ్ల ఇళ్లలో పెరిగిన పిల్లలకు కూడా ఛాతీ పొర క్యాన్సర్ వచ్చిందని 1960ల నుంచే వైద్యులు రాస్తున్నారు. పని బట్టలు సైట్‌లోనే మార్చుకోండి, దులపకుండా సంచిలో వేసి కట్టేయండి, ఇంట్లో మిగతా బట్టలతో కలపకుండా ముందు నీళ్లలో ముంచి ఉతకాలి. తినే ముందు చేతులు, ముఖం కడుక్కోండి. పని నుంచి రాగానే పిల్లలు వచ్చి ఒళ్లో ఎక్కుతారు, ఆపడం ఎవరికైనా కష్టమే, అందుకే బట్టలు మార్చడం సైట్‌లోనే అయిపోవాలి.

సిగరెట్ గురించి నిజాయితీగా

పైన సిగరెట్ మాట ఎత్తినవాళ్లను తప్పుపట్టాను, కానీ సిగరెట్‌ను వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. 1979లో అమెరికా, కెనడా ఇన్సులేషన్ పనివాళ్ల (పైపులకు వేడి ఆపే పొర చుట్టేవాళ్ల) మీద వచ్చిన అధ్యయనం చూడండి. రెండూ లేనివాళ్లతో పోలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఆస్బెస్టాస్ ఒక్కటే ఉన్నవాళ్లలో దాదాపు 5 రెట్లు, సిగరెట్ ఒక్కటే ఉన్నవాళ్లలో 11 రెట్లు, రెండూ ఉన్నవాళ్లలో 53 రెట్లు. 5కు 11 కలిపితే 16 కదా అనుకుంటాం, కానీ ఇక్కడ కూడిక కాదు, గుణకారం జరుగుతోంది. కాబట్టి "నేను ఎలాగూ దుమ్ములోనే ఉన్నాను, సిగరెట్ మానేస్తే ఏం ఒరుగుతుంది" అనడం పూర్తిగా తప్పు, దుమ్ములో ఉన్నవాడికే మానడం వల్ల ఎక్కువ లాభం. ఆ వృత్తివాళ్ల మీదే 2013లో వచ్చిన లెక్కల్లో, మానేసిన పదేళ్లలోనే మరణాల రేటు బాగా తగ్గింది. ఒంటరిగా మానడం కష్టమైతే నికోటిన్ ప్యాచ్, చూయింగ్ గమ్, డాక్టరు ఇచ్చే మందులు తీసుకోండి, ఎవరికి వారు పట్టుదలతో మానేయాలనే నియమం ఏమీ లేదు. సిగరెట్ అయినా బీడీ అయినా ఒకటే.

అలాగని మనిషి సిగరెట్ తాగుతాడన్న సాకుతో దుమ్ము ఆపే ఖర్చు ఎగ్గొట్టే కాంట్రాక్టర్ మాట వినొద్దు, గుణకారంలో ఏ అంకె తగ్గినా మొత్తం తగ్గుతుంది, దుమ్ము అంకె తగ్గించాల్సింది అతనే.

విటమిన్ మాత్రలు ఊపిరితిత్తులను కాపాడతాయని ఎవరైనా అమ్మితే కొనకండి. బీటా కెరోటిన్, విటమిన్ ఎ కలిపి సిగరెట్ తాగేవాళ్లకు, ఆస్బెస్టాస్ పనివాళ్లకు ఇచ్చి చూసిన కారెట్ అనే పెద్ద ప్రయోగాన్ని 1996లో మధ్యలోనే ఆపేశారు. మాత్రలు మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం ఎక్కువ వచ్చింది.

ఒక నోట్‌బుక్, ఒక డాక్టర్

చిన్న నోట్‌బుక్ కొనుక్కుని మీ పని చరిత్ర రాయండి. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఏ సైట్, ఎవరి కింద, ఏ పని, ఏం కోశారు, నీళ్లు ఉన్నాయా లేదా, మాస్క్ ఏది, పాత రేకులు విప్పారా. గుర్తున్నంత వరకు వెనక్కి వెళ్లి రాయండి, పక్కన పనిచేసినవాళ్ల పేర్లు కూడా. డాక్టరు దగ్గరికి ఏ పని మీద వెళ్లినా "నేను ఇన్నేళ్లు రాయి కోశాను" అని మీరే ముందు చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు.

మూడు వారాలు దాటిన దగ్గు, పాత దగ్గే కొత్త రకంగా మారడం, కఫంలో రక్తం చార, తగ్గని బొంగురు గొంతు, ఛాతీలోనో భుజంలోనో ఆగని నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, అదే చోట మళ్లీ మళ్లీ న్యుమోనియా రావడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెళ్లాలి. దుమ్ము పనివాళ్లకు దగ్గు మామూలే అని ఊరుకోవడమే అసలు చిక్కు. టీబీ విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. సిలికోసిస్, అంటే సిలికా దుమ్ముతో ఊపిరితిత్తులు మచ్చలు పడి గట్టిపడే జబ్బు, ఉన్నవాళ్లకు టీబీ నిజంగానే ఎక్కువ వస్తుంది, ఎక్స్‌రేలో మచ్చలూ దగ్గరగానే ఉంటాయి. కాబట్టి కఫం పరీక్షలో టీబీ తేలిందా లేక ఎక్స్‌రే చూసి మాత్రమే మందులు ఇస్తున్నారా అని అడగండి. మందులు వాడినా తగ్గకపోతే సీటీ స్కాన్ గురించి మాట్లాడండి.

లక్షణాలు లేనివాళ్లకు కూడా ఒక పరీక్ష ఉంది, తక్కువ రేడియేషన్‌తో చేసే సీటీ స్కాన్. 2011లో అమెరికాలో ఫలితాలు వచ్చిన ఒక పెద్ద ప్రయోగంలో, మామూలు ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నవాళ్ల కంటే ఈ స్కాన్ తీయించుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. ఎక్స్‌రే బాగుందని నిశ్చింతగా ఉండకూడదనేది అందుకే. అక్కడి సిఫార్సు ప్రకారం 50 నుంచి 80 ఏళ్ల వయసు, రోజుకో ప్యాకెట్ చొప్పున 20 ఏళ్లు లేదా దానికి సమానంగా తాగి ఉండటం, ఇంకా తాగుతుండటం లేదా మానేసి 15 ఏళ్లు దాటకపోవడం లెక్కలోకి వస్తాయి. పనిలో పీల్చిన దుమ్ము ఆ సిఫార్సులో లేదు, నాకు అది పెద్ద లోటుగానే కనిపిస్తుంది. మీది ఆస్బెస్టాస్ పనో, ఏళ్ల తరబడి రాతి పనో అయితే ఆ గీతకు కొంచెం ఇటు ఉన్నా సరే ఛాతీ డాక్టరును అడగండి. స్కాన్‌లో కనిపించే చిన్న గడ్డల్లో చాలా భాగం క్యాన్సర్ కావు, మళ్లీ స్కాన్ తీయాలని చెప్పగానే టెన్షన్ పడి మధ్యలో మానేయొద్దు.

కాంట్రాక్టర్‌తో మాట్లాడటం

ఒక్కరే వెళ్లి అడిగితే "నీకు భయమైతే రేపటి నుంచి రావద్దు" అనేవాళ్లు ఉంటారు. నలుగురు కలిసి వెళ్లండి, సంఘం ఉంటే దాని ద్వారా వెళ్లండి. "ఆరోగ్యం" అని మొత్తంగా కాకుండా ఫలానా కట్టర్‌కు నీళ్ల ఏర్పాటు, ఫలానా గదికి వాక్యూమ్, ఇంతమందికి ఈ రకం మాస్క్ అని ఒక్కొక్కటిగా అడగండి, కాదనడం అంత సులువు కాదు. ఫోన్‌లో మెసేజ్ రూపంలో అడిగితే తేదీతో సహా ఉంటుంది. టార్చ్ వెలుగులో దుమ్ము వీడియో తీసి పంపినా మంచిదే.

క్యాన్సర్ అని తేలితే చికిత్సతో పాటు అదే వారంలో నోట్‌బుక్ కాపీ డాక్టరుకు ఇచ్చి, పని చరిత్రను కేస్ షీటులో రాయమని అడగండి, తర్వాత పరిహారం అడిగేటప్పుడు ఆ రాత చాలా అవసరం పడుతుంది. పరిహారం దరఖాస్తులకు గడువులు ఉంటాయి, జబ్బు తేలిన రోజు నుంచి లెక్కపెట్టేవీ ఉంటాయి, అందుకే ఇంట్లోవాళ్లలో ఒకరు ఆ పని వెంటనే చేతికి తీసుకోవాలి. ఆ సైట్లలో మీతో పనిచేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో వెతికి, వాళ్ల ఫోన్ నంబర్లు అదే నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. వాళ్లూ అదే దుమ్ము పీల్చారు కాబట్టి స్కాన్ సంగతి వాళ్లకూ చెప్పండి.